గ్యాసే కదా అని దాచకండి మాస్టారూ

ఎండాకాలం వచ్చిందంటే నాకొచ్చే ఉత్తరాల్లో సగం సూట్‌కేసులు సర్దుకుంటున్నవాళ్ళవే. ఆవకాయ ఎన్ని కిలోలు తీసుకెళ్ళనిస్తారని కూడా నన్నే అడుగుతున్నారు! దానికి జవాబు వేరే పేజీలో వంటలు రాసే ఆవిడ ఇస్తారు. పరాయి దేశంలో ఒళ్ళు బాగుండకపోతే ఏం చెయ్యాలన్న ఉత్తరాలు మాత్రం నా వాటా. ఈసారి వాటిలో నాలుగు తీశాను.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారుని. వయసు 68. మా అమ్మాయి పురిటికని మే నెలలో నేనూ మా ఆవిడా డాలస్ వెళ్తున్నాం. అయిదు నెలలు ఉంటాం. నాకు బీపీ, షుగరు ఉన్నాయి. 2019లో ఒక స్టెంటు వేశారు. ఇన్సూరెన్సు ఏజెంటేమో "స్టెంటు సంగతి ఫారంలో రాయకండి సార్, ప్రీమియం పెరుగుతుంది, అక్కడెవడు చూస్తాడు" అంటున్నాడు. మా ఆవిడకైతే ఇన్సూరెన్సే దండగ, చిలుకూరు బాలాజీ చూసుకుంటాడంటుంది. ఎవరి మాట వినమంటారు?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఇద్దరి మాటా వినకండి. చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వీసా వచ్చాక మళ్ళీ వెళ్ళి 108 తిరిగొచ్చినదాన్ని నేను. స్వామి మీద నాకూ గురి ఉంది. కానీ ఆయన చూసేది వీసా వరకే, ఆసుపత్రి బిల్లు మన పద్దులోనే పడుతుంది.

ఇక మీ ఏజెంటు. "అక్కడెవడు చూస్తాడు" అన్నాడే, ఫారం నింపేటప్పుడు నిజంగానే ఎవరూ చూడరు. చూసేది క్లెయిము వెళ్ళాక. ఛాతీలో నొప్పని ఎమర్జెన్సీకి వెళ్తే ఇంతకుముందు గుండెకి ఏమైనా చేశారా అని మొదటే అడుగుతారు. మీరు స్టెంటు ఉందని చెప్పి తీరాలి, చెప్పకపోతే వైద్యమే తప్పుతుంది. ఆ మాట కేసుషీటుకెక్కుతుంది, ఆ కేసుషీటే కంపెనీ బల్లమీదకి వెళ్తుంది. ఫారంలో లేని స్టెంటు కేసుషీటులో కనపడ్డాక వాళ్ళు ఇంకేమీ చదవరు. ప్రీమియంలో మిగిల్చిన కొద్ది వేలకి మీరు పణంగా పెట్టేది మొత్తం పాలసీని. మీరు లెక్కల మాస్టారు, నేను చెప్పాలా?

రాసినంత మాత్రాన అన్నీ ఇస్తారనీ కాదు. మన దేశంలో కొనే విదేశీ ప్రయాణ పాలసీలు చాలావరకు పాత జబ్బుని పక్కన పెడతాయి, ప్రాణం మీదికొస్తే కొంత హద్దు వరకు ఇస్తాయి. ఆ హద్దు ఎంతో డాలర్లలో చూపించమని అడగండి. ఇక్కడి పాలసీ విమానం ఎక్కేలోపే కొనాలి. అమెరికా కంపెనీలు అమ్మే విజిటర్ పాలసీలు రెండు రకాలు. ఒకటి, రోజుకింత, ఎక్స్‌రేకింత అని ముందే గీత గీసి ఇచ్చేది, అది చవక. రెండోది, డిడక్టబుల్ అని మొదటి కొంత మీచేత కట్టించుకుని, ఆపైన పాలసీ మొత్తం వరకు ఎక్కువ భాగం కంపెనీ భరించేది. చవకదాని గీతకీ అక్కడి అసలు బిల్లుకీ పొంతన ఉండదు. వయసు మీద పడ్డవాళ్ళకి రెండోదే మేలని నా మాట. అందులో పాత జబ్బు "ఉన్నట్టుండి ముదిరితే" ఇస్తామనే క్లాజు ఉందో లేదో, మీ వయసుకి అది ఎంతవరకో చూసుకోండి. ఆ క్లాజు పక్కనే చాలా పాలసీల్లో చిన్న అక్షరాల్లో ఇంకోటి ఉంటుంది, నొప్పి మొదలైన 24 గంటల్లోపు వైద్యం అందుకుని ఉండాలని. దాని కింద గీత గీసుకోండి. ఎందుకో మా ఇంటి సంగతి చెప్తాను.

నేను 31 ఏళ్ళు సర్కారు దవాఖానలో నర్సుగా చేశాను. గుండెపోటుని గ్యాస్ అనుకుని ఆలస్యంగా వచ్చినవాళ్ళని ఎంతమందిని చూశానో లెక్కలేదు. అయినా 2018 నవంబరులో, డాలస్ పక్కన ప్లేనోలో మా అబ్బాయి ఇంట్లో, నా పక్క మంచం మీద మనిషిని నేను కనిపెట్టలేకపోయాను. శుక్రవారం రాత్రి ఎవరింట్లోనో భోజనాలు. గుత్తొంకాయ, మిరపకాయ బజ్జీలు. ఇంటికొచ్చాక మావారు ఛాతీ రుద్దుకుంటూ "గ్యాస్ పట్టేసింది" అన్నారు. శనివారం కూడా అదే మాట. ఆ దేశంలో ఇళ్ళన్నీ కార్పెట్లు, మనిషి రాత్రంతా హాల్లో పచార్లు చేసినా చప్పుడు వినపడదు. ఆదివారం పొద్దున చెత్త పారేద్దామని బుట్ట తీస్తే అడుగున ఈనో ప్యాకెట్ల కాగితాలు. హైదరాబాద్ నుంచి డజను తెచ్చాం. లెక్కపెడితే బుట్టలో తొమ్మిది!

వెళ్ళి చూద్దును కదా, బాల్కనీ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. బయట గడ్డి మీద మంచు, ఈయన చొక్కా వీపంతా చెమటకి అంటుకుపోయి ఉంది. "ఎప్పట్నుంచండీ?" అంటే, "మొన్న రాత్రి నుంచే. వాడు కొత్త ఇల్లు కొన్నాడు, లోను కడుతున్నాడు. అంబులెన్సంటే ఎంతవుతుందో ఏమో. మూడు వారాలే కదా, ఇంటికెళ్ళి చూపించుకుందామనుకున్నా" అన్నారు. అప్పుడు నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపమే ముందు వచ్చిందనుకోండి. కోడలు 911కి ఫోన్ చేసింది. వాళ్ళు ఫోన్లోనే ఆస్పిరిన్ పడదా, రక్తస్రావం జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగి, ఒక మాత్ర నమిలించమన్నారు.

మా అబ్బాయి ఆ వారం ఊళ్ళో లేడు. కోడలు చంటిదాన్ని ఎత్తుకుని కారు పార్కు చేసి వచ్చేలోపు ఎమర్జెన్సీలో మా పదేళ్ళ మనవడే మాకు దుబాసీ. మావారు "నిన్న రాత్రి కళ్ళు తిరిగాయి" అన్నారు. వాడు తాతయ్య కళ్ళు గుండ్రంగా తిరిగాయని ఇంగ్లీషులో తర్జుమా చేశాడు. ఆ నర్సు పాపం టార్చి తీసి కనుపాపల్లోకి చూడటం మొదలుపెట్టింది. కళ్ళు తిరగడాన్ని 'గిడ్డీనెస్' అని నేను ఎన్ని వేల కేసుషీట్లలో రాసుంటాను! ఆ నిమిషంలో ఆ మాట నోటికి రాలేదు. రాలేదంతే.

అప్పుడు ఆవిడే గోడ దగ్గరున్న ఫోను తెచ్చి "తెలుగు?" అంది. రెండు నిమిషాల్లో అవతల నుంచి శుభ్రమైన తెలుగులో ఒకావిడ గొంతు. మీరేం చెప్తే అదే డాక్టరుకి చెప్తాను, నా సొంత మాట కలపను అంది. మావారు "గాబరాగా ఉందమ్మా" అన్నారు. ఆవిడ ఆగి, "గాబరా అంటే భయంగా ఉందా అండీ, ఊపిరాడనట్టు ఉందా?" అని అడిగింది. ఊపిరాడనట్టే ఉంది. భయమని రాసుకుని ఉంటే ఆ డాక్టరు ఆలోచన ఎటు పోయేదో.

ఇది మీకెందుకు చెప్తున్నానంటే, అమెరికాలో ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు భాష రానివాళ్ళకి ఉచితంగా దుబాసీని ఇవ్వాలి, అది అక్కడి చట్టం. మీకు ఇంగ్లీషు వచ్చినా మొహమాటపడకుండా "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని అడగండి. పిల్లలచేత చెప్పించకండి. "వేడి చేసింది", "వాతం", "నరం గుంజుతోంది" లాంటివి మన డాక్టర్లకి అర్థమవుతాయి గానీ అక్కడ అవి మాటలు కావు. నొప్పి ఎక్కడ, ఎన్నింటికి మొదలైంది, దవడకో చేతికో పాకిందా, చెమట పట్టిందా, ఇవి చెప్పండి. షుగరున్నవాళ్ళకి గుండెపోటొచ్చినా నొప్పి సరిగా తెలియకపోవచ్చు. ఉత్త ఆయాసమో చెమటో నీరసమో ఉంటుంది. అందుకే మీ విషయంలో నాకు ఇంత పట్టుదల.

రక్తపరీక్షలో ట్రోపోనిన్, అంటే గుండె దెబ్బతిన్నదని చెప్పే పదార్థం, పెరిగి ఉంది. ఆ పూటే యాంజియోగ్రామ్ చేసి స్టెంటు వేశారు. మూడో రోజు ఇంటికి పంపారు. మనిషి బాగున్నారు, ఇప్పుడు కూడా నా పక్కన కూర్చుని "నా సంగతంతా పేపర్లోకెక్కిస్తున్నావా" అంటున్నారు.

తర్వాత మొదలైంది అసలు తంతు, క్లెయిముది. బీపీ ఉందని ఫారంలో రాశాం కాబట్టి అబద్ధమన్న మాట రాలేదు. కానీ కేసుషీటులో "నొప్పి రెండు రోజులుగా" అని ఉంది. 24 గంటల క్లాజు తీసి చూపించారు. నాలుగు నెలలు ఉత్తరాలు నడిచాక సగమే ఇచ్చారు. కొడుక్కి ఖర్చవుతుందని ఆయన దాచిన ఆ రెండు రాత్రులే కొడుకు మీద ఎక్కువ ఖర్చు పెట్టించాయి.

బిల్లు ఒకటే వస్తుందనుకోకండి. మాకు నాలుగు కవర్లొచ్చాయి, ఆసుపత్రిది, ఎమర్జెన్సీ డాక్టర్లది, గుండె డాక్టరుది, అంబులెన్సుది. రెండు మేం హైదరాబాద్ వచ్చేశాక వచ్చాయి. ప్రతిదానికీ పద్దువారీ బిల్లు అడగండి. మా కోడలు అడిగితే ఒకే పరీక్ష రెండుసార్లు వేసి ఉంది, ఫోన్ చేస్తే తీసేశారు. అక్కడ లాభాపేక్ష లేని ఆసుపత్రులకి, ఆదాయం తక్కువున్నవాళ్ళకి బిల్లు తగ్గించే పథకం రాతపూర్వకంగా ఉండాలి. వాళ్ళంతట వాళ్ళు చెప్తారని ఊరుకోకండి, దరఖాస్తు అడిగి తీసుకోవాలి. ఇంకోమాట, 1986 నుంచి అమెరికాలో ఒక చట్టం ఉంది. ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని డబ్బు సంగతి చూడకుండా పరీక్ష చేసి, ప్రాణాపాయం తప్పించాలి. బిల్లు వెయ్యరని కాదు, గుమ్మంలోంచి వెనక్కి పంపరని. మామూలు జ్వరం, మూత్రంలో మంట, చిన్న కుట్లు లాంటివాటికి మాత్రం ఎమర్జెన్సీకి పరిగెత్తకండి, 'అర్జంట్ కేర్' అని బోర్డున్న క్లినిక్కులుంటాయి, చాలా తక్కువలో పోతుంది.

వెళ్ళేముందు ఒక్క కాగితం తయారు చేసుకోండి. దాని మీద మందుల అసలు పేర్లు రాయండి. ఇక్కడి బ్రాండ్లు అక్కడ ఎవరికీ తెలియవు. గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్, టెల్మా అంటే టెల్మిసార్టాన్, ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్. మన డోలోలో ఉండే పారాసిటమాల్‌ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. తెలియక రెండు పేర్లతో రెండు మాత్రలు వేసుకుంటే కాలేయానికి దెబ్బ. స్టెంటు వేసినప్పుడు ఇచ్చిన కార్డు, మొన్నటి ఈసీజీ కాపీ దానికి పిన్ను చెయ్యండి. పాత ఈసీజీ ఉంటే కొత్తదాన్ని పక్కన పెట్టి చూస్తారు, చాలా అనుమానాలు అక్కడే తేలిపోతాయి. మందులు, చీటీలతో సహా, చేతిసంచీలో. శంషాబాద్‌లో చెకిన్ చేసే పెట్టెలో వద్దు. మీ గుండె డాక్టరుకి ఒకసారి చూపించుకుని, విమానంలో గంటకోసారి లేచి నడవండి. అక్కడేమైనా వైద్యం జరిగితే డిశ్చార్జి సమ్మరీతో పాటు యాంజియో సీడీ కూడా అడిగి తెచ్చుకోండి. మేం కాగితాలు తెచ్చి సీడీ మర్చిపోయాం, ఇక్కడి డాక్టరు దగ్గర చీవాట్లు తిన్నాం.

మీ ఆవిడకి 911 నొక్కడం నేర్పండి. ఇంగ్లీషు రాకపోయినా "తెలుగు" అని లైన్లో ఉంటే చాలాచోట్ల దుబాసీని కలుపుతారు. అమ్మాయి ఇంటి అడ్రసు ఫ్రిజ్ మీద తెలుగు అక్షరాల్లో రాసి అంటించండి.

ప్రశ్న: ఆఫీసు వాళ్ళతో బ్యాంకాక్ వెళ్ళాను. వెళ్ళిన రెండో రోజే జ్వరం, తర్వాత డెంగీ అన్నారు. నాలుగు రోజులు అక్కడి ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాను. స్పృహలో లేనట్టే ఉంది నాకు, ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పడం మూడో రోజున కుదిరింది. డబ్బంతా కార్డు మీద కట్టాను. ఇప్పుడు క్లెయిము తిప్పి పంపారు. ఆలస్యంగా చెప్పారు, పైగా రెండో రోజే వచ్చింది కాబట్టి ఇక్కడే ఉన్న జబ్బు అంటున్నారు. ఇంతేనా?
— ఒక పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: ఇంతే కాదమ్మా, ఊరుకోకు. దోమ కుట్టాక డెంగీ బయటపడటానికి మామూలుగా 4 నుంచి 10 రోజులు పడుతుంది. అంటే నిన్ను కుట్టింది మన వనస్థలిపురం దోమే అయ్యుండొచ్చు, ఆ మాట నిజమే. కానీ ఒంట్లో దాక్కున్న క్రిమీ, నీకు తెలిసిన జబ్బూ ఒకటి కాదు. నీ పాలసీ పుస్తకంలో 'ముందునుంచి ఉన్న జబ్బు' అన్న మాటకి అర్థం ఇచ్చిన పేజీ తియ్యి. డాక్టరు గుర్తించినదో, సలహా ఇచ్చినదో అని ఉంటే, బయలుదేరేముందు నువ్వు ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు కదా, అదే వాక్యం ఎత్తి రాసి అడుగు.

ఆలస్యం సంగతి. నిజమైన క్లెయిముని ఆలస్యంగా చెప్పారన్న ఒక్క సాకుతో కొట్టెయ్యొద్దని బీమా నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరులోనే కంపెనీలకి సర్క్యులర్ ఇచ్చింది. అది కూడా రాయి. నువ్వు మంచం మీద ఉన్నావని చెప్పే కేసుషీటు జతచెయ్యి. కార్డు గీకిన చీటీ ఒక్కటే పెడితే చాలదు. అసలు బిల్లు, రసీదు, ప్లేట్‌లెట్ల రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీ, పాస్‌పోర్టులో ముద్రలున్న పేజీలు, బోర్డింగ్ పాసులు, అన్నీ కావాలి. లేనివి ఆ ఆసుపత్రికి మెయిల్ పెట్టి తెప్పించుకో.

ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతలో పెట్టు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా తగవులు తీర్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఆఫీసు లక్డీకాపూల్ దగ్గర, ఏసీ గార్డ్స్‌లో. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్ళాలి. 50 లక్షల వరకు తీర్పు ఇవ్వగలరు, ఇస్తే కంపెనీ కట్టుబడాలి. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది గానీ అక్కడిదాకా పోనక్కర్లేదు, 155255కి ఫోన్ చేసినా, బీమా భరోసా పోర్టల్లో పెట్టినా ఫిర్యాదు నమోదవుతుంది.

ప్లేట్‌లెట్లు ఇప్పుడెంత ఉన్నాయో రాయలేదు. క్లెయిము గొడవలో పడి రివ్యూకి వెళ్ళడం మానేశావేమో, వెళ్ళు.

ప్రశ్న: మా అబ్బాయి లండన్లో ఎమ్మెస్ చదువుతున్నాడు. వీసాకే హెల్త్ సర్‌ఛార్జి అని బోలెడు కట్టించుకున్నారు. కడుపునొప్పంటే కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళడు, బిల్లు వేస్తారంటాడు. మేం చూడ్డానికి వెళ్తే మాకూ అది వర్తిస్తుందా?
— నాచారం

జవాబు: మీ వాడు ఏడాదికి 776 పౌండ్లు కట్టి, వాడుకోకుండా కడుపు పట్టుకు కూర్చున్నాడన్నమాట! ఆ డబ్బు కట్టినవాడికి అక్కడి సర్కారీ వైద్యం, ఆసుపత్రిలో చేరడంతో సహా, ఉచితమే. ఇంగ్లండ్‌లో మందుల చీటీ, పళ్ళ వైద్యం లాంటివాటికి కొంత కట్టాలి, అంతే. దగ్గర్లోని జీపీ, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టరు, దగ్గర ఈ వారమే పేరు నమోదు చేసుకోమనండి. ఏం చెయ్యాలో తోచనప్పుడు 111, ప్రాణం మీదికొస్తే 999.

మీకు వర్తించదు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఎమర్జెన్సీ విభాగంలో చూసినంతవరకు డబ్బు తీసుకోరు గానీ, వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు బిల్లు. బాకీ పెట్టి వస్తే తర్వాతి వీసాకి అడ్డం. ఇన్సూరెన్సు తీసుకునే వెళ్ళండి.

ప్రశ్న: దుబాయ్‌లో అక్క దగ్గరికి వెళ్తున్నా. నడుంనొప్పికి ట్రమడాల్ వాడుతున్నా, దగ్గుమందు కూడా ఒక సీసా పెట్టుకున్నా. పర్వాలేదా?
— టోలీచౌకీ

జవాబు: పర్వా ఉంది. ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గుమందు అక్కడ అదుపులో ఉంచిన మందులు. డాక్టరు చీటీ ఉన్నా సరే, ముందుగా అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులో అనుమతి తీసుకోవాలి. సీసా మీద కోడీన్ అని ఉందేమో ఇవాళే చదువు తమ్ముడూ. ఉంటే అది ఇంట్లోనే వదిలెయ్, దగ్గుకి అక్కడ అక్క శొంఠికషాయం పెడుతుంది. నడుంనొప్పికి వేరే మందు కుదురుతుందేమో టికెట్టు కొనకముందే మీ డాక్టర్ని అడుగు.